చేప మేతలో ప్రోబయోటిక్: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ వృథా

రోహు చేపకు జీర్ణాశయం ఉండదు. బొచ్చెకు ఉండదు, మ్రిగాలకు ఉండదు, బంగారు తీగకూ ఉండదు. మార్కెట్లో చేపను కోయించుకునేటప్పుడు ఒక్క నిమిషం గమనిస్తే ఇది కంటికే కనబడుతుంది. కడుపు చీల్చగానే సన్నటి పేగు చుట్టలు చుట్టలుగా బయటికి వస్తుంది. విప్పి పరిస్తే చేప పొడవుకు ఎన్నో రెట్లు ఉంటుంది. గొంతు దాటిన మేత నేరుగా ఈ పేగులోకే పోతుంది. పక్కనే కొర్రమీనును కోస్తే లోపల వేరుగా ఉంటుంది. దానికి మందపాటి జీర్ణాశయం ఉంటుంది, అందులో ఆమ్లం ఊరుతుంది, తర్వాత వచ్చే పేగు పొట్టిది. కొర్రమీను వేటాడి తినే చేప. రోహు, మ్రిగాల నాచు, కుళ్లిన ఆకు, తవుడు తిని బతుకుతాయి.

జీర్ణాశయంలోని ఆమ్లం మాంసకృత్తులను మెత్తబరచడంతో ఊరుకోదు. మేతతో, నీళ్లతో లోపలికి వచ్చిన సూక్ష్మజీవుల్లో చాలావాటిని అక్కడే చంపేస్తుంది. ఆ కాపలా లేని రోహు పేగులోకి చెరువు నీళ్లలో ఏముంటే అది చేరుతుంది. మేలు చేసే బాక్టీరియా వస్తే అదీ బతికే చేరుతుంది, జబ్బు తెచ్చేది వస్తే అదీ బతికే చేరుతుంది. చేపల మేతలో ప్రోబయోటిక్ కలపాలన్న ఆలోచనకు బలం ఇక్కడే ఉంది. దాని హద్దు కూడా ఇక్కడే ఉంది. నీళ్లు చెడిపోయిన కుంటలో పూటపూటకూ చెడ్డ బాక్టీరియా పేగులోకి పోతూ ఉంటే, మనం కలిపిన పొడి ఎంతకని ఎదురీదుతుంది?

వరంగల్ ప్రాంతంలో ఈ ప్రశ్న ఇప్పుడు చాలామంది రైతులది. పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల నాటి చెరువులున్న నేల ఇది. 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడికతీత మొదలైంది. 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలను వదలడం మొదలుపెట్టింది. అదే ఏడాది కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించారు. 2020లో కేంద్రం ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన తెచ్చాక సొంత పొలంలో కుంట తవ్వుకున్నవారు, సిమెంటు తొట్లలో, బయోఫ్లాక్ ట్యాంకుల్లో చేపలు వేసినవారు పెరిగారు. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల చేతి విద్యగా ఉన్న పనిలోకి వరి, పత్తి వేసే రైతు కూడా వచ్చాడు. అతనికి చేప కొత్త, మందుల కొట్టు పాత అలవాటు. పత్తికి మందు అడిగినట్టే చేపకూ మందు అడుగుతాడు. కొట్టులో అతని చేతికి వచ్చేది తరచూ ప్రోబయోటిక్ పొట్లమే.

ఈ పొట్లాల మీద నాకు వ్యతిరేకత లేదు. సరైన చోట, సరైన తీరులో వాడితే మేలు చేసే వస్తువే. కాకపోతే అది మందు కాదు, ఎరువు కాదు. ప్రాణమున్న సరుకు. దాన్ని ఎరువు బస్తాలా చూసినప్పుడే డబ్బు నీళ్లపాలవుతుంది.

అసలు ప్రోబయోటిక్ అంటే ఏమిటో 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఒక నిర్వచనం చెప్పాయి. బతికి ఉన్న సూక్ష్మజీవులు, చాలినంత మోతాదులో ఇచ్చినప్పుడు, తీసుకున్న ప్రాణికి ఆరోగ్యపరంగా మేలు చేస్తే అవి ప్రోబయోటిక్. ఈ మాటల్లో మూడు షరతులున్నాయి. బతికి ఉండాలి, చాలినంత ఉండాలి, మేలు జరగాలి. ఒక్కటి తప్పినా పొట్లం మీద ఏం రాసి ఉన్నా లోపలున్నది పిండి కిందే లెక్క.

పెరుగులోని బాక్టీరియా మనిషికి మేలు చేస్తుందని వందేళ్లకు పైబడి క్రితమే పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో మెచ్నికాఫ్ వాదించాడు. చేపల దాకా ఆ ఆలోచన రావడానికి చాలా కాలం పట్టింది. 1986లో జపాన్‌కు చెందిన కొజాసా ఒక రకం బాసిల్లస్ బాక్టీరియాను మేతలో కలిపి, అక్కడ సముద్రంలో పెంచే ఎల్లోటెయిల్ చేపలకు పెట్టి ఫలితం ప్రకటించాడు. చేపల పెంపకంలో ప్రోబయోటిక్ చరిత్రను సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడతారు. 2009లో యూరోపియన్ యూనియన్ సాల్మన్ జాతి చేపల మేతలో పెడియోకాకస్ అనే లాక్టిక్ బాక్టీరియాకు అనుమతి ఇచ్చింది. మన తెలుగు నేలమీద ఇది ముందుగా పాతుకున్నది కోస్తా రొయ్యల చెరువుల్లో. 2009లో దేశంలోకి వెనామీ రొయ్య వచ్చాక నెల్లూరు నుంచి భీమవరం దాకా ప్రోబయోటిక్ లేని ఆక్వా కొట్టు లేదన్నంతగా విస్తరించింది. అక్కడి నుంచి కైకలూరు చేపల చెరువులకు, ఆపైన మన కుంటలకు పాకింది. రొయ్యకు చెప్పిన మోతాదునే చేపకూ చెప్పేస్తుండటం ఈ ప్రయాణంలో వచ్చిన చిక్కు.

ఇక ఆ సూక్ష్మజీవి చేప పేగులో చేసే పని. మన దగ్గర మేతలో పెద్ద వాటా తవుడు, నూనె తీసిన తవుడు, పల్లి చెక్క, పత్తి చెక్కలది. తవుడులో భాస్వరం బాగా ఉంటుంది గానీ అందులో మూడింట రెండు వంతులకు పైగా ఫైటేట్ అనే రూపంలో బిగుసుకుపోయి ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము చేపకు దాదాపు లేదు. తవుడులోని పీచును కరిగించే శక్తీ అంతంతే. ఆ మేత అరగక పెంటలో బయటికి వచ్చి చెరువు అడుగున చేరుతుంది. పైసలు పెట్టి కొన్న భాస్వరమే నీళ్లను పచ్చగా, చిక్కగా మారుస్తుంది. కొన్ని రకాల బాసిల్లస్‌లు ఫైటేటును, పీచును విడగొట్టే ఎంజైములు విడుదల చేస్తాయి. శాంతినికేతన్‌లోని విశ్వభారతిలో అరుణ్ కుమార్ రాయ్ బృందం రోహు పిల్లల పేగు నుంచే ఇలాంటి బాసిల్లస్‌లను వేరుచేసి, అరుగుదలలో వాటి పాత్రను 2002 నాటికే పరిశీలించింది. ఆకు పిండి కలిపిన చవక మేతను కూడా రోహు పిల్లలు మెరుగ్గా వాడుకునేలా చేయవచ్చా అన్నది వారు వెతికిన సంగతుల్లో ఒకటి. ఖరీదైన చేపపిండిని తగ్గించాలనుకునే రైతుకు ఇది చాలా దగ్గరి విషయం.

పేగు గోడమీద చోటు కోసం బాక్టీరియాల మధ్య పోటీ కూడా ఉంటుంది. మేలుచేసేవి ముందే దిగి కూర్చుంటే జబ్బు తెచ్చేవాటికి అంటుకునే చోటు, తినే తిండి తగ్గుతాయి. లాక్టిక్ బాక్టీరియా చుట్టూ ఆమ్లాన్ని వదిలి శత్రువును అణచుతుంది. వీటి రాకతో చేప రక్తంలోని రక్షణ కణాలు చురుకవుతాయి. ముంబయిలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ పరిశోధకులు బాసిల్లస్ సబ్టిలిస్ కలిపిన మేత పెట్టిన రోహుల మీద 2006లో ఒక ఫలితం ప్రకటించారు. మేత పెట్టాక ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే జబ్బు క్రిమిని ఎక్కించినప్పుడు, ఆ మేత తిన్న చేపలు మామూలు మేత తిన్నవాటికంటే ఎక్కువగా బతికాయి. 2013లో తమిళనాడు పరిశోధకులు లాక్టోబాసిల్లస్ ప్లాంటారంతో రోహుల్లో ఎదుగుదల, జబ్బును తట్టుకునే శక్తి రెండూ మెరుగైనట్టు చూపించారు.

ఏరోమోనాస్ మన రైతుకు తెలియని శత్రువు కాదు. పేరు తెలియకపోవచ్చు గానీ రూపం తెలుసు. పొట్ట కింద ఎర్రటి మచ్చలు, రెక్కల మొదట్లో రక్తం చిమ్మినట్టు ఉండటం, పొలుసులు లేచి కడుపు నీరు పట్టి ఉబ్బడం. ఈ బాక్టీరియా మంచి చెరువులో కూడా ఉంటుంది. చేప బలంగా ఉన్నన్నాళ్లు ఏమీ చేయదు. వల లాగి గాయపరచినప్పుడు, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయినప్పుడు, వాన నీరు ఒక్కసారిగా వచ్చి కలిసినప్పుడు, చలికాలంలో తిండి తగ్గినప్పుడు పైకి లేస్తుంది. ప్రోబయోటిక్ ఉపయోగం ఈ అదను రాకముందే ఉంటుంది. మచ్చలు కనబడ్డాక పొట్లం తెచ్చి కలిపేవాళ్లున్నారు. జబ్బుపడిన చేప మొదట మానేసేది మేతనే. తినని మేతలో ఏం కలిపినా లోపలికి పోదు.

ప్రోబయోటిక్‌తో పోని జబ్బులూ ఉన్నాయి. చేప పేను ఒక పురుగు. చర్మానికి అతుక్కుని రక్తం పీలుస్తుంది, కంటికి కనబడుతుంది. పేగులోని బాక్టీరియా దానికి చేసేదేమీ లేదు. 1988 ప్రాంతంలో మన దేశంలోకి వచ్చి చెరువులను ఊడ్చేసిన పుండ్ల జబ్బుకు మూలం బూజు జాతి జీవి. దానికి భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ సైఫాక్స్ అనే మందును తయారుచేసింది. ఏ జబ్బో తేల్చకుండా అన్నిటికీ ఒకే పొట్లం అని అమ్మేవారి మాట నమ్మవద్దు.

ప్రయోగశాల ఫలితాలను చదివేటప్పుడు ఇంకొక సంగతి మనసులో పెట్టుకోవాలి. ఆ రోహులు గాజు తొట్లలో, శుభ్రమైన నీళ్లలో, కొలిచి పెట్టిన మేతతో కొన్ని వారాలు ఉన్నాయి. నర్సంపేట దగ్గరి కుంటలో ఆ పరిస్థితి ఉండదు. అందుకే వాటిని హామీగా కాక సూచనగా తీసుకోవాలి. ఏ మార్పూ కనబడలేదని తేల్చిన ప్రయోగాలూ ఉన్నాయి. ఒకే జాతి బాక్టీరియాలో ఒక రకం పనిచేస్తుంది, దాని సోదర రకం పనిచేయదు. పొట్లం మీద బాసిల్లస్ అని మాత్రమే రాసి ఏ రకమో రాయకపోతే, ఆ ప్రయోగాల ఫలితాన్ని ఆ పొట్లానికి అంటగట్టే హక్కు అమ్మేవారికి లేదు.

ఇప్పుడు ఎక్కడ వేయాలన్న మాట. పాకాల వంటి వేల ఎకరాల జలాశయంలో గానీ, ఊరి సంఘం కింద ఉన్న వందెకరాల చెరువులో గానీ ఎవరూ మేత వేయరు. చేప పిల్ల వదులుతారు, అది నీళ్లలో దొరికింది తిని పెరుగుతుంది, ఎండాకాలం ముందు పడతారు. మేతే లేని చోట మేతలో కలిపే ప్రోబయోటిక్ మాట ఎత్తనక్కర్లేదు. నీళ్లలో చల్లమని చెప్పే పొడి సంగతి చిన్న లెక్కతో తేలిపోతుంది. ఎకరం విస్తీర్ణం, ఐదడుగుల లోతు ఉన్న కుంట తీసుకుందాం. అందులో సుమారు 60 లక్షల లీటర్ల నీళ్లు పడతాయి. గ్రాముకు వంద కోట్ల జీవకణాలున్న మంచి పొడిని కిలో తెచ్చి సమంగా చల్లామనుకుందాం. మిల్లీలీటరు నీటికి వచ్చేవి 160 కణాలు. మామూలు చెరువు నీళ్లలో మిల్లీలీటరుకు ముందునుంచే లక్షల సంఖ్యలో బాక్టీరియా ఉంటుంది. ఎకరం కుంటలోనే ఇలా ఉంటే వందెకరాల చెరువులో ఎంత? సంఘం డబ్బుతో ఆ పొడి కొనేకంటే, పిల్లలను వదిలే రోజు పెద్ద సైజు పిల్ల వచ్చిందో లేదో లెక్క చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టుకోవడం ఎంతో లాభం.

అదే పొడిని మేతలో కలిపితే లెక్క తిరగబడుతుంది. కిలో మేతకు ఐదు గ్రాములు కలిపితే ప్రతి గ్రాము మేతలో 50 లక్షల కణాలుంటాయి. అవి నేరుగా పేగులోకి పోతాయి. పరిశోధనల్లో ఫలితం చూపిన మోతాదులు ఎక్కువగా గ్రాము మేతకు పది లక్షల నుంచి పది కోట్ల మధ్య ఉంటాయి. అంటే ఐదు గ్రాములు ఆ హద్దుల్లోకి వస్తుంది, నీళ్లలో చల్లిన కిలో రాదు. నా ఉద్దేశంలో చేప రైతు ముందు తెలుసుకోవలసిన ఒక్క లెక్క ఇదే.

నీళ్లలో వేసేది మొత్తానికే దండగ అని మాత్రం అనలేం. అమెరికాలో అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో క్లాడ్ బాయిడ్ దశాబ్దాలపాటు చెరువు నీళ్లనే చదివినవాడు. 1998లో ఆయన, తోటి పరిశోధకుడు కైరోజ్ కలిసి క్యాట్‌ఫిష్ చెరువుల్లో బాసిల్లస్ కలిపి చూశారు. నీటి నాణ్యత కొలతల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చేపలు బతికిన శాతం, దిగుబడి మాత్రం పెరిగాయి. ఎందుకు పెరిగాయో ఆ కొలతల్లో దొరకలేదు. అమ్మోనియాను తగ్గిస్తుంది, అడుగు బురదను తినేస్తుంది అని పొట్లం మీద రాసే మాటలకు ఈ ఫలితం నుంచి బలం రాదు. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా వేరే జాతి, నిదానంగా పెరిగేది, ఆక్సిజన్ లేకపోతే పనిచేయనిది. ఏరేటర్ తిరుగుతున్న కుంటలో అది దానంతట అదే ఉంటుంది. ఆక్సిజన్ చాలని కుంటలో తెచ్చి పోసినా పనిచేయదు.

బయోఫ్లాక్ ట్యాంకు దీనికి మినహాయింపు. పది పదిహేను వేల లీటర్ల తొట్టిలో గాలి ఆగకుండా కొడుతూ, బెల్లం గానీ మొలాసిస్ గానీ వేసి బాక్టీరియాను కావాలని పెంచుతారు. అక్కడ మొదట వేసే ప్రోబయోటిక్ విత్తనం కింద లెక్క. నీళ్లు తక్కువ, తిండి ఉంది, ఆక్సిజన్ ఉంది కాబట్టి అది పెరుగుతుంది. కరెంటు పోతే మాత్రం ఆ బాక్టీరియాయే చేపతో ఆక్సిజన్‌కు పోటీపడుతుంది. జనరేటర్ లేకుండా బయోఫ్లాక్ పెట్టినవారు ఒక్క రాత్రిలో మొత్తం సరుకు పోగొట్టుకునేది ఇందుకే. మట్టి కుంటలో బెల్లం, తవుడు, ఈస్ట్ పులియబెట్టి పోసేవారికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ముసురు పట్టిన రోజున, చేపలు పొద్దున్నే పైకి తేలి నోళ్లు తెరుస్తున్న రోజున అలాంటిదేదీ పోయకూడదు.

కొర్రమీను సంగతి విడిగా చెప్పాలి. అది నీటిపైకి వచ్చి గాలి పీల్చగలదు. అందుకే ఆక్సిజన్ పడిపోయినా తేలి చావదు, రైతుకు హెచ్చరిక అందదు. నీళ్లలో అమ్మోనియా పేరుకుపోతూనే ఉంటుంది. దానికి పెట్టే మేతలో మాంసకృత్తులు ఎక్కువ కాబట్టి వ్యర్థమూ ఎక్కువే. జీర్ణాశయంలో ఆమ్లం ఉంటుంది కాబట్టి ఆ ఆమ్లాన్ని దాటి పేగు చేరగల రకమే దీనికి కావాలి. బాసిల్లస్ విత్తుకణాలు దాటుతాయి. లాక్టిక్ బాక్టీరియాలో కొన్ని దాటుతాయి, కొన్ని దాటవు. కొర్రమీను కుంటలో నీళ్లు మార్చకుండా ప్రోబయోటిక్ మీద భారం వేయడం నాకు ఏమాత్రం మంచిగా తోచదు.

బాసిల్లస్‌కు విత్తుకణం కట్టుకునే గుణం ఉంది. పరిస్థితి బాగాలేనప్పుడు గట్టి పెంకులోకి ముడుచుకుని నిద్రపోతుంది. వేడిని, ఎండను, ఎండిపోవడాన్ని తట్టుకుని, పేగులో తడి, తిండి దొరకగానే లేస్తుంది. లాక్టోబాసిల్లస్‌కు, ఈస్ట్‌కు అంత ఓర్పు లేదు. మే నెలలో వరంగల్‌లో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. రేకుల షెడ్డులో అంతకంటే ఎక్కువే. అక్కడ నెలల తరబడి ఉన్న లాక్టోబాసిల్లస్ పొట్లంలో గడువు తేదీ దాటకముందే ప్రాణం పోయి ఉండవచ్చు. తేలే మేత తయారయ్యే యంత్రంలో వేడి వంద డిగ్రీలు దాటుతుంది కాబట్టి, మేతలోనే ప్రోబయోటిక్ కలిపి అమ్ముతున్నామంటే అది విత్తుకణాల రకమా, లేక వండాక పైన పూశారా అని అడగాలి. పొట్లం మీద బాక్టీరియా పూర్తి పేరు, గ్రాముకు ఎన్ని జీవకణాలు, తయారైన తేదీ, ఎంత చల్లటి చోట ఉంచాలి అన్నవి లేకపోతే కొనవద్దు. జీవకణాల లెక్కను సీఎఫ్‌యూ అని రాస్తారు. పది మీద చిన్న అక్షరంలో 9 ఉంటే వంద కోట్లు, 6 ఉంటే పది లక్షలు. చూడటానికి చిన్న తేడా, అసలు తేడా వెయ్యి రెట్లు.

కలిపే తీరులో చాలా పోతుంది, చాలా నిలుస్తుంది. ఆ పూటకు సరిపడా మేతను నీడలో, శుభ్రమైన టార్పాలిన్ మీద పరచాలి. పొడిని కొద్దిపాటి నీళ్లలో కలుపుకోవాలి. అది బోరు నీరై ఉండాలి, క్లోరిన్ కలిపిన కొళాయి నీరు కాదు. అందులో పల్చటి గంజి గానీ, కొట్టులో దొరికే జెల్ గానీ వేస్తే మేత గుళికకు అంటుకుంటుంది. గంజి వేడిగా ఉండకూడదు, వేలు పెడితే చల్లగా తగలాలి. పిచికారీ చేస్తూ మేతను చేతులతో తిరగేయాలి, గుళికలు మెత్తబడేంత తడపకూడదు. అరగంట, గంట నీడలో ఆరనిచ్చి అదే రోజు వేసేయాలి. ఎండలో ఆరబెడితే మొదటికే మోసం. అంటుకోకుండా పొడిగా కలిపి విసిరితే గుళిక నీళ్లను తాకగానే పొడి విడిపోతుంది, మళ్లీ ఆ 160 లెక్క దగ్గరికే వస్తాం. బస్తాలకు కన్నాలు పెట్టి కర్రలకు కట్టి తవుడు తినిపించే పద్ధతిలోనూ ఇదే ఇబ్బంది ఉంది. బస్తా గంటల తరబడి నీళ్లలో నానుతుంది, కలిపినది చేప నోటికి పోయేది తక్కువ.

మరో తప్పు కూడా తరచూ జరుగుతుంది. సోమవారం పొటాషియం పర్మాంగనేటో, బ్లీచింగ్ పౌడరో, అయోడిన్ మందో నీళ్లలో చల్లి, మంగళవారం నీళ్లలోనే ప్రోబయోటిక్ వేస్తారు. మొదటిది బాక్టీరియాను చంపడానికి వేసింది. అది రెండోదాన్నీ వదలదు. మధ్యలో కొన్ని రోజుల ఎడం ఉండాలి. మేతలో యాంటీబయోటిక్ పెడుతున్నప్పుడు ప్రోబయోటిక్ ఆపి, ఆ కోర్సు అయ్యాక మొదలుపెట్టాలి. నిజానికి కోర్సు అయ్యాకే దీని అవసరం ఎక్కువ, ఎందుకంటే యాంటీబయోటిక్ పేగులోని మంచి చెడ్డలను కలిపి ఊడ్చేసి ఉంటుంది.

యాంటీబయోటిక్ మాట వచ్చింది కాబట్టి దాన్ని దాటిపోలేను. ఎదుగుదల కోసం మేతలో యాంటీబయోటిక్ కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి పూర్తిగా నిషేధించింది. 2019లో మన కేంద్ర ప్రభుత్వం ఆహారం కోసం పెంచే జంతువుల్లో, చేపల్లో కొలిస్టిన్‌ను నిషేధించింది. మనుషుల ఆస్పత్రుల్లో చివరి అస్త్రంగా దాచుకున్న మందు అది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు దొరికి మన రొయ్యల సరుకు విదేశీ రేవుల నుంచి వెనక్కి వచ్చిన అనుభవం ఆంధ్ర తీరానికి బాగా తెలుసు. మన చేప విదేశాలకు పోదు. కాజీపేటలో, హనుమకొండలో, మన ఇళ్లలోనే వండుతారు. దాన్ని పరీక్షించే రేవు లేదు. అందుకే కుంట దగ్గర రైతు తీసుకునే నిర్ణయమే మనకున్న తనిఖీ. చేపకు రోజూ కొద్దికొద్దిగా యాంటీబయోటిక్ పెట్టే అలవాటును మాన్పించగలిగితే, ఎదుగుదల సంగతి ఎలా ఉన్నా, ప్రోబయోటిక్ తన ధర తాను తెచ్చుకున్నట్టే అనుకుంటాను.

డబ్బు లెక్క వేద్దాం. ఎకరంలో మూడు టన్నుల చేప తీయాలనుకుందాం. కిలో చేపకు 1.8 కిలోల మేత పడితే మొత్తం 5,400 కిలోలు. ప్రోబయోటిక్ వల్ల అది 1.7కు తగ్గిందనుకుందాం. 300 కిలోల మేత మిగిలింది. కిలో 40 రూపాయలైతే 12,000. కిలో మేతకు ఐదు గ్రాముల లెక్కన సీజనంతా కలపడానికి 25 కిలోలకు పైగా పొడి కావాలి. కిలో 400 అయినా పదివేలు దాటుతుంది. కూలీ, జెల్ ఖర్చు తీసేస్తే మిగిలేది ఏమీ లేదు. అంటే రోజూ, పూటపూటా, ఏడాదంతా వాడటం ఎదుగుదల లాభంతో గిట్టుబాటు కాదు. అదే పొడిని అవసరమైన వారాల్లో మాత్రమే వాడితే లెక్క మారుతుంది. పాలిథిన్ సంచిలో ఆక్సిజన్ పట్టించి కృష్ణా, గోదావరి జిల్లాల హేచరీల నుంచి రాత్రంతా లారీలో వచ్చిన పిల్ల అలసిపోయి ఉంటుంది, పేగు ఖాళీగా ఉంటుంది. ఆ మొదటి నెల ఇవ్వాలి. తొలకరికి నీళ్లు మారేటప్పుడు, చలి మొదలయ్యే కార్తీకంలో, వల లాగి చేపలను ఒక కుంట నుంచి మరో కుంటకు మార్చే ముందు వారం ఇవ్వాలి. ఇలా వెయ్యి కిలోల మేతకే కలిపితే పొడి ఖర్చు రెండు వేలు. మూడు టన్నుల చేపలో నూటికి ఐదు చనిపోయినా, కిలో వంద రూపాయల లెక్కన పదిహేను వేల నష్టం. దాంట్లో కొంత ఆపినా రైతు గట్టెక్కుతాడు. మేతలో పెట్టడం మానేశాక ఈ బాక్టీరియా పేగులో ఎక్కువ కాలం నిలవదు, కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కాబట్టి ఎప్పుడు కావాలో అప్పుడే పెట్టాలి, ముందే పెట్టి దాచుకునేది కాదు.

తన కుంటలో పనిచేస్తోందో లేదో రైతు తానే తేల్చుకోవచ్చు. ఒకే కుంటలో రెండు హాపాలు, అంటే పెట్టెలా కుట్టిన వలలు, కట్టి, రెండింటిలో ఒకే సైజు పిల్లలను లెక్కపెట్టి వేసి, ఒకదానికి కలిపిన మేత, రెండోదానికి మామూలు మేత ఒకే తూకంలో పెట్టాలి. పదిహేను రోజులకోసారి తూచి, చనిపోయినవి లెక్కరాయాలి. రెండు నెలల్లో తెలిసిపోతుంది. పక్క ఊరి కుంటతో పోల్చుకోవడం వల్ల ఏమీ తెలియదు. అక్కడ నీళ్లు వేరు, పిల్ల వేరు, మేత వేరు.

అయితే పొట్లంలో ఉన్నది బతికే ఉందా అన్నది మాత్రం హాపా చెప్పదు. దానికి ప్రయోగశాల కావాలి. పెద్దదేమీ అక్కర్లేదు. గ్రాము పొడిని శుభ్రమైన నీళ్లలో కలిపి, పదేసి రెట్లు పల్చన చేస్తూ కోటి రెట్ల దాకా తీసుకుపోతారు. అందులో ఒక మిల్లీలీటరును అగార్ పోసిన పళ్లెంలో వేసి వెచ్చగా ఉంచుతారు. ఒకటి రెండు రోజుల్లో ప్రతి జీవకణం కంటికి కనబడే చుక్కగా పెరుగుతుంది. గ్రాముకు వంద కోట్లని రాసిన పొట్లమైతే వందకు అటూ ఇటూ చుక్కలు రావాలి. ఐదో, పదో వస్తే ఏం కొన్నామో తెలిసిపోతుంది.  వరంగల్‌లో ఈ పళ్లెం పరీక్ష చేయగల చదువు, పరికరాలు ఉన్నాయి. కాకతీయ విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవశాస్త్రం, జంతుశాస్త్రం చెబుతున్నారు. మామునూరులో పశువైద్య కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ఏటా చేప పిల్లలు వదిలే ముందు, జూన్, జులైలలో, జిల్లాలో అమ్ముతున్న పొట్లాలను కొట్టు నుంచే కొని తెచ్చి పరీక్షించి, ఏ కంపెనీది, ఏ బ్యాచ్, లేబుల్ మీద ఎంత, పళ్లెంలో ఎంత అని ఒక కాగితం మీద అచ్చువేసి ప్రతి మత్స్య సహకార సంఘం గోడకు అంటించవచ్చు. విద్యార్థులకు అది ప్రాజెక్టు పని అవుతుంది. రైతుకు కొట్టులో నిలబడి ఏ పొట్లం తీసుకోవాలో తెలుస్తుంది.